గంగాదేవి ఎంచిన రెండో గడియారం

ఆషాఢం మొదటి మంగళవారం పొద్దున గంగాదేవి ధర్మవరం స్టేషన్లో హిందూపురానికి టికెట్టు తీసుకుంది, ఒక మనిషిని నిలబెట్టి కడిగెయ్యడానికి. పెళ్ళిళ్ళు లేని నెల కాబట్టి మగ్గం మీద పని తక్కువ, తిట్టడానికి తీరిక ఎక్కువ. "ఆ జయచంద్ర అంగడి ముందర నిలబడి వాని ఏడు తరాలూ దులిపి వస్తా" అని ఇంట్లో చెప్పే బయల్దేరింది. అందంటే చేసే మనిషే. వాళ్ళ వీధి కొళాయి దగ్గర ఆమె గొంతు సవరించుకుంటే చాలు, బిందెలు వాటంతటవే వరసలోకి వస్తాయని జనం చెప్పుకుంటారు. అందులో అబద్ధం కొంచెమే.

ఆమె చేతిసంచిలో రెండు గడియారాలున్నాయి. ఆమె గడియారాలంటుంది గానీ వాటిని డైవ్ కంప్యూటర్లంటారు. వీపున గాలి సిలిండరు కట్టుకుని సముద్రంలోకి దిగేవాళ్ళు వాటిని మణికట్టుకు కట్టుకుంటారు. ఎంత లోతులో ఉన్నావు, దిగి ఎంతసేపయింది, ఇంకా ఎంతసేపు ఉండొచ్చు, పైకి ఎంత నిదానంగా రావాలి, అన్నీ అది లెక్కగట్టి చూపిస్తుంది. లోతులో పీల్చిన గాలి ఒంట్లోకి ఇంకుతుందట. ఎంత ఇంకిందో తెలియకుండా పైకి వచ్చేస్తే, గోలీసోడా కొట్టినప్పుడు లేచినట్టు నెత్తుట్లో బుడగలు లేస్తాయట. అవి వెన్నుపాములో చేరితే మనిషి మంచాన పడతాడు.

జనవరిలో గంగాదేవి తమ్ముడు మారుతికి జరిగింది అదే. అండమాన్‌లో వాడు టూరిస్టులను సముద్రం అడుగుకు తీసుకుపోయి చూపించే డైవ్ మాస్టరు. ఆ రోజు మధ్యాహ్నం మూడో మునక మునిగి పైకి వచ్చాడు. పడవలో కూర్చుని నీళ్ళు తాగాడు. లేవబోతే కాళ్ళు లేవలేదు. గాలి ఒత్తిడి పెట్టే గదిలో ఉంచి రోజుల తరబడి వైద్యం చేశారు. చేతులు నిలిచాయి, మాట నిలిచింది. నడుము కింద మాత్రం ఏమీ లేదు. గిల్లినా తెలియదు, కాలినా తెలియదు. ఇరవై తొమ్మిదేళ్ళు వాడికి.

"కరువు సీమలో పుట్టినోనికి సముద్రంలో ఏం పనమ్మా?" అని పలకరించడానికి వచ్చినవాళ్ళంతా అడిగారు. పరామర్శంటే మనవాళ్ళకు ముందు తప్పెవరిదో తేల్చడం. గంగాదేవి మొదట్లో ఓపిగ్గా జవాబు చెప్పేది. తర్వాత్తర్వాత "మీ ఇండ్లల్లో పుట్టినోళ్ళ ఘనకార్యాలు నాకు తెల్దా, పోండి పోండి" అని సాగనంపడం మొదలుపెట్టింది.

వాడు ఆస్పత్రిలో కళ్ళు తెరిచి అక్కతో అన్న మొదటి మాట ఒక్కటే. "రెండూ ఒకేసారి చెడిపోయినాయక్కా. ఏం చేస్తాం, నా కర్మ." మళ్ళీ ఎన్నిసార్లు అడిగినా అదే మాట. వాడు ఏ ఉద్దేశంతో అన్నాడో గానీ ఆ మాట గంగాదేవి గొంతులో ముల్లై కూర్చుంది. ఎందుకంటే ఆ రెండింటిలో మొదటిది ఎవరో తెల్లదొర దగ్గర వాడు కొనుక్కున్న పాతది. రెండోది ఆమె ఎంచింది. మూడింటిని ముందర పెట్టుకుని, రెండింటిని తోసేసి, "ఇదే తీసుకో" అని ఆమె నోటితో ఆమే చెప్పి కొనిపించింది. నేను ఎంచిన వస్తువే నా తమ్ముని కాళ్ళు తీసిందా? ఆర్నెల్లుగా అదొక్కటే ప్రశ్న. పోగు తెగితే ముడి వేస్తూ అదే, సంగటి కెలుకుతూ అదే. నిద్రలో కూడా అదే పలవరిస్తోందని మొగుడు దేవప్ప చెప్పాడు.

ఆ ప్రశ్నతో బతకడం చేతగాక ఆమె ఒక జవాబు కట్టుకుంది. తప్పు ఎంచినదాంట్లో లేదు, సరుకులో ఉంది. తెప్పించి ఇచ్చిన జయచంద్ర నాసిరకం అంటగట్టాడు. ఆ మాట అతని నోటితో చెప్పిస్తే తప్ప ఆమెకు అన్నం సయించేట్టు లేదు.

చిలమత్తూరు సతీష్ అని, మారుతితోపాటు అక్కడే పనిచేసేవాడు, మొన్న సెలవుకు వస్తూ మారుతి పెట్టె తెచ్చి ఇచ్చి పోయాడు. బట్టల మధ్యన పాతదీ, డబ్బాలో కొత్తదీ, రెండు కంప్యూటర్లూ ఉన్నాయి. ఆమె వాటిని తీసి సంచిలో వేసుకోవడం చూసి మారుతి చక్రాల కుర్చీని గబగబా తోసుకుంటూ గడపకు అడ్డం వచ్చాడు.

"యాడికి పోతాండావక్కా?"

"హిందూపురం. నీ జయచంద్రన్న మొగాన ఇవి కొట్టి వస్తా."

"వద్దక్కా. వాటిని ఈడ పెట్టు. చచ్చిపోయిన వస్తువులకు పంచనామా ఏమిటికి? పోయిన కాళ్ళు వస్తాయా?"

"కాళ్ళు రాకపోతే నిజమన్నా రానీ!"

"అక్కా, నా మాట ఇను. పోవద్దు." వాడు ఆమె సంచి పట్టుకుని వదలలేదు.

తమ్ముడిది మెత్తని గుండె, ఎదుటివాడి తప్పు కూడా తన మీదే వేసుకుంటాడని ఆమె అనుకుంది. దేవప్ప మగ్గం గుంతలోంచి తల ఎత్తి, "పోనీయప్పా, తిట్టి వస్తే ఆమెకు కడుపు సల్లబడుతాది" అన్నాడు. మారుతి సంచి వదిలేశాడు. వాడి ముఖం పాలిపోయి ఉండటం ఆమె చూసింది కానీ, అది ఎందుకో ఆమెకప్పుడు తెలియలేదు.

పాసింజరు బండి పెనుకొండలో ఆగినప్పుడు ఆమె కిటికీ వైపు తిరిగింది. కొండ, కొండ కింద రాళ్ళు, ఆ రాళ్ళకు అవతల ఆమె పుట్టిన పల్లె. వాళ్ళ నాయన సుంకప్పకు బావుల్లోకి దిగడమే బతుకు. చుట్టుపక్కల ఇరవై ఊళ్ళలో ఎవరి మోటారు బావిలో జారినా, ఎవరి ఎద్దు పడినా సుంకప్పకే కబురు. మనుషులు పడితే కూడా అతనికే. అలాంటి రోజు ఇంటికి వచ్చి ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. తల్లి పోయినప్పుడు గంగాదేవికి పదిహేనేళ్ళు, మారుతికి రెండు. వాణ్ణి చంకన వేసుకునే గట్టు మీద నిలబడి నాయన నడుముకు కట్టిన తాడు పట్టుకునేది. తర్వాత బోర్లు వచ్చాయి, బావులు ఎండిపోయాయి. ఆరంగుళాల గొట్టంలోకి దిగే మనిషి ఎక్కడున్నాడు? సుంకప్ప పని లేక పోయాడో, పని లేదన్న దిగులుతో పోయాడో గానీ, ఆమె పెళ్ళయిన ఏడాదికే పోయాడు. ఆరేళ్ళ తమ్ముడు ఆమెతోపాటు ధర్మవరం వచ్చాడు. కన్నతల్లిని వాడు ఎరగడు. వాడికి తల్లంటే అక్కే.

నీళ్ళు కనబడితే వాడు ఆగేవాడు కాదు. ఈత నేర్చి, బెంగుళూరులో ఒక అపార్టుమెంటు ఈతకొలనుకు కాపలా పనికి కుదిరి, అక్కడి నుంచి ఎవరి మాటో పట్టుకుని అండమాన్ పోయాడు. మొదటిసారి సముద్రం అడుగుకు దిగిన రోజు ఫోన్ చేసి ఏడ్చాడు. "అక్కా, నాయనకు చూపించల్ల ఇది. అడుగు వరకూ వెలుతురే అక్కా!" అన్నాడు. ఆమె కూడా ఏడ్చింది. నాయన దిగిన బావుల్లో అడుగున ఎప్పుడూ చీకటే.

పోయినేడు ఆషాఢంలోనే వాడు వానల సెలవుకు వచ్చాడు. ప్రతి డైవ్ మాస్టరు దగ్గరా రెండు కంప్యూటర్లు ఉండాలి, ఒకటి నీళ్ళలో చచ్చిపోతే రెండోది కాపాడాలి, లేకపోతే పడవ ఎక్కనివ్వనని ఓనరు చెప్పాడట. ఆ రెండోది ఎంచడానికే అక్కాతమ్ముళ్ళు హిందూపురం బజారులో గడియారాలు బాగుచేసే జయచంద్ర దగ్గరికి పోయారు. జయచంద్ర వాళ్ళ పల్లెవాడే, పక్కింటివాడే. ఐటీఐ చదివాడు, ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోగలడు. మారుతి పాత కంప్యూటరుకు అంతకుముందు బ్యాటరీ మార్చింది కూడా అతనే. మార్చి, రెండు రోజులు బకెట్ నీళ్ళలో ఉంచి, చుక్క లోపలికి పోలేదని తేలాకే చేతికిచ్చాడు.

మూడు రకాల కంప్యూటర్ల వాడుక పుస్తకాలు కాగితాల మీద తీయించి పెట్టుకున్నాడు జయచంద్ర. మారుతి మనసంతా మొదటిదాని మీదే ఉంది.

"ఇది సూడక్కా. రంగుల తెర. మిట్టమధ్యాహ్నం ఎండలో గూడా కనపడతాది. పెద్దపెద్ద అక్షరాలు."

"బాగుండాది. దీనికి తిండేంది?" అంది గంగాదేవి.

"ఛార్జింగ్ పెట్టల్ల. ఫోన్ మాదిరి."

"మీ దీవిలో మొన్న మూడు దినాలు కరెంటు లేదంటివే, ఆ పొద్దు దీన్నేం చేస్తావు? నోట్లో పెట్టుకోని ఊదుతావా? తీసెయ్."

జయచంద్ర నవ్వు దాచుకుని రెండోది చూపించాడు. అన్నిటికంటే చవక, కానీ వేరే కంపెనీది. ఒక్కో కంపెనీ లెక్క ఒక్కో రకమనీ, ఒకటి పైకి రమ్మంటే ఇంకొకటి ఇంకా ఐదు నిమిషాలుండమంటుందనీ అతనే చెప్పాడు.

"అప్పుడు యాదాని మాట ఇంటావురా?" అంది ఆమె.

"యాది ముందు భయపడితే దాని మాటే అక్కా. అదే రూలు."

"నీళ్ళ అడుగున కూసోని రెండిటికీ పంచాయితీ చేస్తావా నువ్వు? వద్దు. రెండూ ఒక నోటితో మాట్లాడేది కావల్ల."

మూడోది మారుతి చేతికున్న కంపెనీదే. నల్లగా, బొద్దుగా, ఏ రంగూ లేకుండా ఉంది. రూపాయి బిళ్ళంత బ్యాటరీ, ఎక్కడున్నా మనమే మార్చుకోవచ్చు. రెండింటి లెక్కా ఒకటే. గంగాదేవి పట్టీ బొమ్మ చూసి, తడి చేత్తో లాగితే ఊడదు కదా అని అడిగింది. మీట నొక్కితే చీకట్లో వెలుగుతుందా అని అడిగింది. చేతికి తొడుగు వేసుకున్నప్పుడు మీట దొరుకుతుందా అని అడిగింది. మారుతి ఆ ప్రశ్నకు నోరు తెరిచాడు, వాడికి అది తోచనే లేదు. అన్నిటికీ జవాబు విన్నాక, "ఇదే తీసుకో" అంది. "నీళ్ళలో దిగనే లేదు, ఇంత బాగా ఎంచినోళ్ళను నేను సూడలేదమ్మా" అన్నాడు జయచంద్ర. ఆ పొగడ్తకు ఆమె ఆ సాయంత్రమంతా ఉబ్బింది, నిజం చెప్పాలి కదా.

సెప్టెంబరులో మారుతి బయల్దేరేటప్పుడు కొత్తదాన్ని డబ్బాలోంచి తీసి పాతదాని పక్కన చేతికి కట్టుకోబోయాడు. గంగాదేవి చూసింది. ఇక్కడ ఆ ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. ఆ ఇంట్లో కొత్త స్టీలు పళ్ళాలు అంటించిన చీటీలతోనే అటక మీదుంటాయి. టీవీ రిమోటు ప్లాస్టిక్ కవరులోంచి ఎప్పుడూ బయటికి రాలేదు. దేవప్పకు పెళ్ళిలో పెట్టిన చేతిగడియారం బీరువాలో డబ్బాలో ఉండి, ఉండి, డబ్బాలోనే ఆగిపోయింది. పట్టు నేస్తూ ఒంటికి నూలు కట్టుకుని బతికే జనం వాళ్ళు. మంచి వస్తువును దాచడమే దానికి మర్యాద.

"రేయ్, ఏందిది? పాతది చేతికుండంగానే కొత్తదాన్ని ఏమిటికి తీస్తాండావు?"

"రెండూ కట్టుకోవల్లక్కా. దానికి..."

"ఉప్పునీళ్ళలో రోజూ నానబెడితే ఏం మిగుల్తాదిరా? పాతది బాగుండే వరకూ పాతదే కట్టుకో. అది చెడిపోయిన పొద్దు దీన్ని తియ్యి."

"అట్ల కాదక్కా..."

"ఎదురు మాట్లాడొద్దు. నా నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు. అగత్యం వస్తేనే తీస్తానని ఒట్టెయ్."

వాడు నవ్వాడు. అక్కతో వాదించి గెలిచినవాడు ఆ వీధిలోనే లేడు. నవ్వుతూనే ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి, "సరేలే తల్లీ, ఒట్టు" అన్నాడు. ఆమె దాన్ని పట్టుచీర ముక్కలో చుట్టి మళ్ళీ డబ్బాలో పెట్టింది.

హిందూపురంలో బండి దిగి ఆమె నేరుగా బజారుకు నడిచింది. అంగడి ఇంకా పది గజాల దూరంలో ఉండగానే మొదలుపెట్టింది.

"ఏమయ్యా జయచంద్రా! పక్కింటోడివని నమ్మి వస్తే చెడిపోయిన సరుకు అంటగడతావా? నా తమ్ముడు మంచం మీదుంటే నువ్వు ఈడ ఫ్యాను కింద కూసోనుండావా?"

దారిన పోయేవాళ్ళు ఆగారు. జయచంద్ర కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి లేచి నిలబడ్డాడు. ఆమె అన్నవన్నీ విన్నాడు. ఆమెకు ఊపిరి అందక ఆగినప్పుడు, "లోపలికి రా గంగా. నీళ్ళు తాగు. ఇవి నేను సూస్తా. నా సరుకు చెడ్డదైతే నీ చెప్పు తీసి నన్నే కొట్టు" అన్నాడు. ఆమె స్టూలు మీద కూర్చుంది.

అతను మొదట పాతదాని మూత విప్పి కొత్త బ్యాటరీ వేశాడు. తెర వెలిగింది. మీట నొక్కుతూ, జరిగిన మునకల పట్టీ తీశాడు. ఆ పట్టీలో వందల మునకలున్నాయి. జనవరి ఆ తేదీ దగ్గర ఆగి కాగితం మీద రాసుకున్నాడు. పొద్దున తొమ్మిదికి ఒకటి, ముప్పై మీటర్లు. పదకొండుకు ఇంకొకటి, ఇరవై ఐదు మీటర్లు. అక్కడితో సరి. మధ్యాహ్నం దీని బ్యాటరీ అయిపోయింది.

తర్వాత రెండోదాన్ని డబ్బాలోంచి తీశాడు. అద్దం మీద అంటించిన పల్చటి ప్లాస్టిక్ పొర ఇంకా అట్లాగే ఉంది. మీట నొక్కాడు. బ్యాటరీ వెయ్యకుండానే తెర వెలిగింది.

"ఇది బతికే ఉండాదే" అన్నాడు జయచంద్ర.

"బతికుండేదేంది? చెడిపోయిందనె గదా వాడు!"

జయచంద్ర ఇంకో రెండుసార్లు నొక్కి తెర చూశాడు. చూసి, దాన్ని బోర్లించి బల్ల మీద పెట్టాడు. తర్వాత ఆమె వైపు చూడకుండా, "చెడిపోయిందిలే గంగా. నువ్వు చెప్పిందే నిజం. నేను కంపెనీకి రాస్తా. నువ్వు ఇంటికి పో" అన్నాడు.

ఆర్నెల్లుగా వినాలనుకున్న మాట అదే. కానీ అది ఆమెకు నిజమనిపించలేదు. మనుషులు అబద్ధం చెప్పేటప్పుడు గొంతు ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు. చెయ్యి చాచి దాన్ని లాక్కుంది. ఇంగ్లీషు రాదు గానీ అంకెలు ఎవరికి రావు? తెర మీద మొత్తం మునకలు అన్నచోట ఒకటి అని ఉంది.

"ఒకటేంది? ఏంది ఈ ఒకటి? చెప్పన్నా. నా మీద ఒట్టు, చెప్పు."

చెప్పక తప్పలేదు.

"ఇది చెడిపోలేదమ్మా. వాడు దీన్ని ఆ ఒక్క మునకకే కట్టుకున్నాడు. ఇది సరిగ్గానే లెక్క చెప్పింది. కానీ పొద్దున వాడు రెండుసార్లు దిగినాడని, ఒంట్లో అప్పటికే గాలి ఇంకుండాదని దీనికెట్ల తెలుస్తాది? అప్పుడిది డబ్బాలో ఉన్నింది గదా. ఆ పొద్దు మొదటిసారి దిగే మనిషికి ఎంతసేపు చెప్పల్లనో అంతసేపూ ఉండమనింది. వాడుండినాడు."

ఆమె దాన్ని బల్ల మీద పెట్టింది.

"రెండూ మొదటి నించీ చేతికే ఉండల్ల. అప్పుడు ఒకటి చచ్చినా ఇంకోదానికి అంతా తెలిసుంటాది. పుస్తకంలో ఆ మాట ఉండాది. మారుతికి తెలిసిందే గదా అని నేను నోరు తెరవకపోతి. నాదీ తప్పే తల్లీ."

"వానికి తెలుసునా?"

"తెలీకుండా ఎట్లుంటాది? పడవలో టూరిస్టులు కూసోనుంటారు, పాతది ఆగిపోయుంటాది. ఒక్క మునకే గదా, ఏమౌతాదిలే అనుకోనుంటాడు. మనిషే గదా. నాకు తెలీనిది ఒకటే. ఇంత మంచిదాన్ని పెట్టుకోని, దాన్ని డబ్బాలో ఏమిటికి పెట్టినాడో!"

గంగాదేవి చెయ్యి దానంతటదే నెత్తి మీదికి పోయింది. మారుతి చెయ్యి పెట్టిన చోటు.

"నేను పెట్టమంటి" అంది.

జయచంద్రకు అర్థం కాలేదు. ఆమె చెప్పింది. ఒట్టు వేయించుకున్నది చెప్పింది, వాడు రెండుసార్లు చెప్పబోతే నోరు మూయించింది చెప్పింది. చెబుతూ చెబుతూ ఉండగా ఇంకొకటి గుర్తొచ్చి ఆమె మాట ఆగిపోయింది. బావి గట్టు మీద వాళ్ళ నాయన పెట్టిన కట్టడి అది. పొద్దున ఎవరు తాడు పట్టుకుంటే సాయంత్రం దాకా వాళ్ళే పట్టుకోవాలి. మధ్యలో ఎంత ఆకలైనా, చేతులు బొబ్బలెక్కినా ఇంకొకరికి ఇవ్వకూడదు. ఒకసారి ఆమెకు జ్వరం వచ్చి, పక్కింటి ఓబన్న నేను పట్టుకుంటానంటే సుంకప్ప ఒప్పుకోలేదు, ఆ రోజుకు పనే మానేశాడు. "పొద్దున్నించి నాకు ఎంత ఊపిరి పోయిందో దాని చేతికి తెలుసప్పా. నువ్వు కొత్తగా పట్టుకుంటే నీకేం తెలుస్తాది?" అన్నాడు. పెళ్ళయ్యేదాకా ఆ తాడు పట్టిన మనిషి గంగాదేవి. ఆ కంపెనీ పుస్తకంలో రాసింది ఆమె చేతులకు ముందే తెలుసు.

"నాకు తెలుసన్నా. నాకు తెలిసీ చేస్తి" అని ఆమె ఏడ్చింది. బజారని చూడలేదు, జనమని చూడలేదు. ఏడుస్తూనే ఉండగా ఆస్పత్రిలో తమ్ముడు అన్న మాట కొత్తగా అర్థమైంది. ముక్కులో గొట్టంతో, కాళ్ళు పోయాయని అప్పుడే తెలిసిన మనిషి, కళ్ళు తెరిచి మొట్టమొదట ఆలోచించింది అక్కకు ఈ సంగతి తెలియకూడదని. అందుకే రెండూ చెడిపోయాయన్నాడు. పొద్దున గడపకు అడ్డం వచ్చింది అందుకే.

వెళ్ళేటప్పుడు ఆమె జయచంద్రకు రెండు చేతులూ జోడించింది. "నిన్ను నోటికొచ్చినట్టు అంటి అన్నా. మనసులో పెట్టుకోవద్దు."

"అదంతా పోనీ. మారుతితో ఏం చెప్తావు?"

ఆమె రెండింటినీ సంచిలో వేసుకుని స్టేషను దారి పట్టింది.

తిరుగు బండిలో ఆమెకు సీటు దొరికింది. పెనుకొండ వచ్చినా తల ఎత్తలేదు. ధర్మవరం చేరేలోగా ఒక్కటి తేల్చుకోవాలి. పోయి వాడి ముందు కూలబడి, నా నోరే నీ కాళ్ళు తీసింది నాయనా, నన్ను క్షమించు అని అడగాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది. అడిగితే వాడు క్షమిస్తాడు, అందులో అనుమానం లేదు. కానీ వాడికి మిగిలిన పని ఏముంది ఈ లోకంలో? సముద్రం పోయింది, నడక పోయింది. అక్కను ఈ బాధ నుంచి కాపాడుకున్నానన్న తృప్తి ఒక్కటే వాడికి మిగిలింది. క్షమించమని అడిగితే అది కూడా లాక్కున్నట్టే.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. మారుతి వాకిట్లోనే ఉన్నాడు. పొద్దున్నుంచీ లోపలికి రాలేదని, సద్ది కూడా ముట్టలేదని దేవప్ప చెప్పాడు.

"ఏమన్నాడక్కా?" అన్నాడు మారుతి. కుర్చీ చక్రాలను గట్టిగా పట్టుకుని ఉన్నాడు.

గంగాదేవి చెప్పులు విడిచి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఏమంటాడు? విప్పి చూసినాడు. రెండూ చెడిపోయినాయంట. నువ్వు చెప్పిందే. కంపెనీ ముండాకొడుకులు చేసిన పని. వాని మీద నేను ఊరికే ఎగిరితి."

వాడు ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఆమె కళ్ళు తిప్పుకోలేదు. జీవితంలో ఆమె ఎన్నో అబద్ధాలు ఆడి ఉంటుంది, ఇంత కష్టపడి ఒక్కటీ ఆడలేదు. చివరికి వాడి చేతులు చక్రాల మీద సడలాయి.

"నేను చెప్పలా?" అన్నాడు. "నువ్వు మంచిదే ఎంచినావక్కా. నీదేం తప్పు లేదు. ఇంక దాని గురించి అనుకోవద్దు."

"అనుకోనులే. రా, తిందువు."

ఆ పూట వాడు ఆకలిగా తిన్నాడు. అడిగి మరీ ఇంకో ముద్ద పెట్టించుకున్నాడు. చాలా రోజుల తర్వాత దేవప్పను ఏదో ఎగతాళి కూడా చేశాడు.

అన్నాలయ్యాక రోజూ మాదిరే ఆమె వాణ్ణి మంచం మీద బోర్లా పడుకోబెట్టి, ఆముదం వెచ్చచేసి కాళ్ళకు రాయడానికి కూర్చుంది. డాక్టరు చెప్పాడని రాస్తుంది. పిక్కలు అప్పటికే సన్నబడిపోయాయి. వాడు దిండు మీద గడ్డం ఆనించి, సతీష్ చెప్పిన కబుర్లేవో చెబుతున్నాడు. పడవకు కొత్త రంగు వేశారట. తాబేళ్ళు వచ్చాయట. ఆమె ఊకొడుతూ పిక్కలకు, మడమలకు, అరికాళ్ళకు రాసింది.

అప్పుడు వంగి, ఆ రెండు పాదాలూ చేతుల్లోకి తీసుకుని నుదురు వాటికి ఆనించింది. పెద్దది, తల్లిలా పెంచింది, తమ్ముడి కాళ్ళు పట్టుకుంది. గొంతు లోపల శబ్దం లేకుండా, నాయనా నన్ను క్షమించు, నన్ను క్షమించు అని చెప్పుకుంది. కన్నీళ్ళు వాడి అరికాళ్ళ మీదుగా కారి పక్క మీద పడ్డాయి.

వాడికి ఏమీ తెలియలేదు. తాబేళ్ళ సంగతి చెబుతూనే ఉన్నాడు. కొంతసేపటికి ఊకొట్టడం ఆగిందని గమనించి, "అక్కా, రాయడం అయిపోయిందా?" అని అడిగాడు.

"ఇంకొంచెం ఉండాది" అంది గంగాదేవి.